చెయ్యి వణికిన చోట అన్నం ముద్ద

తాడా? అటక మీదే ఉంది, ఎక్కడికి పోతుంది? నువ్వు ముందు కూర్చో తమాకీ. వచ్చీ రాగానే తాడు తాడు అని ఒకటే గోల. మీ తాతా ఇంతే, అదే నా తమ్ముడు, వాడికీ కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆ కెటిల్ దించి టీ పోసుకో, నాకూ పొయ్. ఆ వెదురాకు పొట్లంలో అన్నం ముద్ద ఉంది చూడు, పక్కింటి తోమె పొద్దున తెచ్చిచ్చింది, నాకు వద్దులే, నువ్వు తిను. ఏంటీ, ఇంకోసారి చెప్పు. ఒసాకాలో ఉద్యోగం మానేశావు. రేపట్నుంచి తాడు పట్టుకుని ఆ నిలువు కగామి బండ దిగి రాతి పుట్టగొడుగులు కోస్తావు. ఎన్ని తెచ్చినా తీసుకుంటామని హోటళ్లవాళ్లు అన్నారు. అదంతా విన్నాలే, చెవుడు ఒక చెవికే. చివర్న ఏదో అన్నావే, అది. "నాకస్సలు భయం లేదు తాతా." ఆఁ, అదీ. ఆ ముక్క విన్నాకే నేను అటక వైపు చూడటం మానేశాను. కోపం తెచ్చుకోకు. మా షిగే అత్త అయితే ఈ పాటికి నిన్ను మెడపట్టి బస్సెక్కించేది.

షిగే అత్త నీకు తెలీదు. మీ నాన్న కూడా చూళ్లేదు. మా నాన్నకి అక్క, నాకు మేనత్త. పొట్టి మనిషి, ఇదిగో ఈ తలుపు గడియ ఎత్తుండేది, అంతే. నోరు మాత్రం ఊరంత. ఆవిడ మొగుడు ఆ బండ మీంచే పడ్డాడు. మా నాన్నా అక్కడే పడ్డాడు, అప్పుడు నాకు పదేళ్లు. ఈ ఊళ్లో అప్పట్లో ఒక కట్టుబాటుండేది, వినే ఉంటావు, ఏడేళ్లు ఎవరూ దిగకపోతే ఆ బండ మీద ఇంటి హక్కు పోయేది, వేరే ఇంటికి రాసేసేవాళ్లు. నాకు పదిహేడొచ్చాయి, ఏడో ఏడు నడుస్తోంది. మరి నేనో? నిచ్చెనెక్కి పైకప్పు గడ్డి సర్దాలన్నా కళ్లు తిరిగేవి. మా అమ్మేమో, "పోతే పోనీ ఆ దిక్కుమాలిన బండ, ఇంటికో శవం ఇచ్చాం చాలదా" అని ఏడుపు. షిగే అత్త వచ్చి గడపలో నించుంది. "ఏమ్మా, ఏడవటం అయ్యాక వాణ్ణి నా దగ్గరికి పంపు. వీడికి దిగటం రాదు సరే, భయపడటం కూడా రాదు. అది నేర్పుతాను" అంది. ఊళ్లోవాళ్లు నవ్వారు. భయపడటం నేర్పుతుందట ముసల్ది, అని.

మొదటి రోజు బండ అంచుకి తీసుకెళ్లింది. రెండు తాళ్లుంటాయి. ఒకటి దేవదారు చెట్టుకి కట్టింది, దాన్ని పట్టుకుని దిగడం. రెండోది సన్న తాడు, మన నడుముకి, దాని కొస పైన కూర్చున్న మనిషి చేతిలో. పైవాళ్లూ కిందివాళ్లూ నోటితో మాట్లాడుకోరు, అన్నీ ఆ తాడుతోనే. ఒక లాగుడు అంటే ఆగు. రెండంటే పైకి రా. మూడంటే దిగు. ఏదైనా సరే రెండుసార్లు చెయ్యాలి, ఆగి మళ్లీ చెయ్యాలి. ఎందుకంటావా? కొండమీద మనిషైతే రెండుసార్లు పిలుస్తాడు. ఒక్కసారే పిలిచేది మనిషి కాదు. దానికి రెండోసారి పిలవడం చేతకాదు. నవ్వకు. నవ్వు, నాకేం. మీ అమ్మని అడుగు, ఇప్పటికీ పెరట్లోంచి నిన్ను పిలిస్తే రెండుసార్లు పిలుస్తుందో లేదో.

ఎక్కడున్నాను? ఆఁ, అంచు దగ్గర. అత్త అడిగింది, "భయంగా ఉందా?" ఉందన్నాను. నిలువునా వణికిపోతుంటే అడగడం ఎందుకు మళ్లీ. "అయితే దిగు. చెయ్యి ఎక్కడ వణికితే అక్కడ ఆగు. ఆగి ఈ ముద్ద తిను, మొత్తం తిను, మెల్లిగా నములు. తిన్నాక పైకొచ్చెయ్." అంతే పాఠం. రెండు బారలు దిగానో లేదో చేతులు పట్టు తప్పుతున్నాయి. ఒక కాలికి తాడు చుట్టుకుని, వెదురాకు నోటితో విప్పి, ఉప్పులో ఊరేసిన ఆ పుల్లటి ఉమె కాయ పెట్టిన ముద్ద ఏడుస్తూ తిన్నాను. అన్నం గొంతు దిగితేనా! కానీ ముద్ద అయిపోయేసరికి, అదేవిటో, చెయ్యి వణకడం ఆగింది. పైకొచ్చాను. మర్నాడు మూడు బారల దగ్గర వణికింది. అక్కడ తిన్నాను. నెల తిరిగేసరికి పన్నెండు బారలు. పుట్టగొడుగు ఒక్కటి కోస్తే ఒట్టు, అన్నం తినొస్తున్నాడురా అని ఊరంతా ఎగతాళి. "సెన్‌కిచీ, ఇవాళ ఏ అంతస్తులో భోజనం?" అనేవాళ్లు. హక్కు మాత్రం నిలబడింది, దిగుతున్నాను కదా మరి.

ఇంకో సంగతి చెప్పాలి. రోజూ అడిగేది, భయంగా ఉందా అని. ఒకనాడు చలికాలం పోయి ఎండ బాగా కాసిన రోజు, నేను హుషారుగా "లేదత్తా, ఇవాళ ఏం లేదు" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నా. తాడు విప్పేసింది! "పద ఇంటికి." నాలుగు కొండమలుపులు నడిచి వచ్చాం, మళ్లీ నాలుగు మలుపులు వెనక్కి. ఇంటి దగ్గర అంది, "మీ నాన్న కూడా ఆ రోజు లేదనే అన్నాడు." అంతే, ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. తాడు పట్టుకుని పైన కూర్చున్నది ఆవిడే కదా ఆ రోజు, తమ్ముడి మాట నమ్మి దింపింది కదా. అది నాకు చాన్నాళ్లకి గానీ తట్టలేదు.

ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా? రోజూ "ఉందత్తా" అనేవాణ్ణి. ఉన్నా అంతే, లేకపోయినా అంతే. ఇంటికి వెనక్కి నడవడం ఇష్టంలేక. అదే నా తప్పు తమాకీ, ఇంకేం లేదు. దొంగతనం కాదు, తాగుడు కాదు. నోటికొచ్చిన జవాబు చెప్పడం. మూడేళ్లలో ఆ బండ నాకు మన వీధిలాగే అయిపోయింది. ఎక్కడ పగులుందో, ఎక్కడ నీళ్లు కారతాయో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. చెయ్యి వణికి ఎన్నాళ్లైందో. ముద్ద కూడా దిగాక ఎక్కడో అక్కడ తినేసేవాణ్ణి, కోతికి విసిరేసిన రోజులూ ఉన్నాయి.

అక్టోబరు చివర్న, మంచు. పొద్దున పదింటికి కూడా దేవదారు కొమ్మలు కనపడటం లేదు. అత్త ఆ రోజు మెల్లిగా నడిచింది, రెండు చోట్ల కూర్చుంది. "ఏమైందత్తా?" "నీ మొహం. నడు." అంచు దగ్గర అడిగింది. ఉందన్నాను. నా కళ్లలోకి చూసింది, కాస్త ఎక్కువసేపే చూసింది. ఒక్కోసారి అనిపిస్తుంది, తెలిసిపోయిందేమో అని. తెలిస్తే ఎందుకు దింపింది? ఓపిక లేకేమో. ఏమో. దిగాను. ఇరవై బారల కింద ఎన్నడూ చూడని చోట, బండ లోపలికి వంగిన చోట, ఇంతింత పుట్టగొడుగులు. అరచెయ్యంత! అవి వేలెడు పెరగాలంటే పదేళ్లు పడుతుంది, మా తాత పుట్టకముందువి అయుంటాయి. నడుం దగ్గర తాడు లాగింది. రెండు. ఆగి మళ్లీ రెండు. పైకి రా అని. నేను ఒకటి లాగాను, ఆగు అని. మళ్లీ ఒకటి. పైనుంచి ఇంకేం రాలేదు. సరే ఒప్పుకుందిలే అనుకుని కోసుకుంటూ పోయాను.

సంచి సగం నిండింది. అప్పుడు పైనుంచి పిలుపు. నోటితో. "సెన్‌కిచీ, ఇంకా తాడుంది, దిగు." అత్త గొంతే. దగ్గు జీర కూడా అదే. ఒక్కసారి. నేను పైకి చూశాను, మంచు తప్ప ఏముంది? రెండోసారి పిలుస్తుందని ఆగానా? ఆగలేదు. ఒక్కసారే అని నాకు తెలుసు తమాకీ. అత్త నోటితో పిలవదనీ తెలుసు. తెలిసే దిగాను. భయం లేనివాడికి చెవులుండి ఏం లాభం. నడుం తాడు కూడా వదులైంది, పైన ఎవరో మెల్లిగా, మర్యాదగా వదులుతున్నట్టు. పెద్ద తాడు మీద ముడి చేతికి తగిలింది. కొసకి ఇంక మూడు బారలుందని గుర్తుకి కట్టే ముడి. దాన్నీ దాటాను. ఒక బార. రెండు.

అక్కడ చెయ్యి వణికింది.

ఎందుకో తెలీదు. ఏమీ కనపడలేదు, ఏమీ వినపడలేదు. ఎన్నాళ్లకో వణికింది, ముంజేతి దగ్గర్నించి, మొదటిరోజు లాగానే. బుద్ధితో చేశానని చెప్పను. చెయ్యి వణికితే నోటికి అన్నం కావాలి, అంతే, కుక్కకి నేర్పినట్టు నేర్పింది కదా ఆవిడ. కాలికి తాడు చుట్టుకుని ముద్ద విప్పాను. మెల్లిగా నమిలాను. సగం తినేసరికి మంచు ఒక పక్కకి తొలిగింది. తాడు కొస నా మోకాలి కింద ఊగుతోంది. దాని కింద ఏం లేదు. నది, అంత దూరాన, దారప్పోగంత. మిగతా ముద్ద తినకుండా పైకి పోదామనుకున్నా. తినాలి కదా. తిన్నాను. నేను తిన్నంతసేపూ పైన ఏదో అంచు మీద అటూ ఇటూ నడుస్తోంది, చిన్న రాళ్లు నా నెత్తిన పడుతున్నాయి.

పైకొచ్చాను. అత్త చెట్టుకి ఆనుకుని కూర్చుంది. కళ్లు తెరిచే ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా, గట్టిగా అయిపోయింది, పోయి చాలాసేపైంది. నా నడుం తాడు ఆవిడ చేతిలో లేదు. చెట్టు మొదలుకి మూడు చుట్లు చుట్టి ముడేసింది, తను ఒరిగిపోతే నన్ను లాక్కుపోకుండా. ఆ ముడి వేలెడు కూడా సడల్లేదు. తర్వాత కొలిచాను. అక్కణ్ణించి ఆ సన్న తాడు పెద్ద తాడు ముడి దాకానే వస్తుంది. దాని కిందికి నేను దిగడానికి వీల్లేదు. దిగాను. నన్నడక్కు.

అదీ కాదు నేను చెప్పాలనుకున్నది. ఒళ్లో వెదురాకు విప్పి ఉంది. పైన కూర్చునేవాళ్లు తినరు, ఆవిడెప్పుడూ తినలేదు, తనది ఇంటికి తెచ్చి మా తమ్ముడికి పెట్టేది. ఆ రోజు సగం ముద్ద కొరికి ఉంది. సగం చేతిలో ఉంది. నన్ను రమ్మని రెండుసార్లు పిలిచింది, నేను ఆగమన్నాను. అప్పుడు ముడి వేసి, కూర్చుని, చెయ్యి వణికిన చోట అన్నం తిన్నది. ఒక్కతే. రమ్మనగానే నేను పైకి వచ్చుంటే... ఛ, పొయ్యిలో పొగ, కళ్లల్లోకి కొడుతోంది.

ఆ తర్వాత నలభై మూడేళ్లు దిగాను. మంచు పట్టినప్పుడల్లా ఆ గొంతు పిలిచింది, ఒక్కసారి. ప్రతిసారీ చెయ్యి వణికింది, తిన్నాను, పని చేసుకుని వచ్చాను. భయం పోవాలని ఎప్పుడూ అనుకోలేదు, అది కూడా రోజూ నాతో కొండెక్కి దిగేది, అంతే. ఏం, నీ టీ ఒలుకుతోందేం? చెయ్యి చూపించు. ఆఁ. ఇప్పుడు బాగుంది. ఇంక తాడు దించుకో. పైన ఎవరు కూర్చుంటారు? నేనా! ఎనభై ఆరేళ్లవాణ్ణా? ... సరేలే, కూర్చోవడమేగా. ముడెయ్యడం వచ్చు నాకు.

ఉండు. ఎవరో పిలిచారు.

తోమె గొంతు కాదు. నీకు వినపళ్లేదూ? "సెన్‌కిచీ" అని, పెరటి వైపు నించి. లేవకు, లేవొద్దన్నానా. మళ్లీ పిలుస్తారేమో చూద్దాం.

...

ఆ అన్నం ముద్ద ఏదీ, తిన్లేదు కదా నువ్వు? సగం విరిచి ఇలా ఇయ్యి.