పేడపురుగుకు స్నానం

పశువుల కొట్టంలో అమ్మమ్మ పేడ ఎత్తుతోంది. మనవరాలు ఒక చేత్తో ముక్కు మూసుకుని, ఇంకో చేత్తో అగ్గిపెట్టె పట్టుకుని గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“అమ్మమ్మా, ఈ పేడపురుగు ఏమీ తినట్లేదు. చక్కెర పెట్టినా ముట్టుకోలేదు.”

“ఏదీ, ఆ పెట్టె ఇలా తెచ్చి చూపించు. ఇదేంటే, ఇంత తళతళలాడుతోంది?”

“పాపం, పేడ ఉండ దొర్లించుకుంటూ పోతుంటే జాలేసింది. ఆ ఉండ కాలవలో పారేసి, దీనికి శుభ్రంగా స్నానం చేయించాను.”

“అయ్యో పిచ్చితల్లీ! ఆ ఉండ పిల్ల కోసమే. మట్టిలో పాతిపెట్టి, అందులో గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్ల ఆ పేడే తిని పెరుగుతుంది.”

“అంటే... దాని పిల్ల ఇల్లు నేనే పారేశానా?”

“ఏడవకే. పాతకముందు గుడ్డు పెట్టదులే. ఇవి పేడను మట్టిలో కలపబట్టే గడ్డి ఏపుగా పెరుగుతోంది, మన ఆవు పాలిస్తోంది. ఇదిగో, ఇప్పుడే వేసిన పేడ. ఇక్కడ వదిలెయ్.”

“నేనే ఉండ చేసిస్తాను.”

“అక్కర్లేదు. దాని పని దానికి తెలుసు. చూస్తూ కూర్చో.”

“ఎక్కింది అమ్మమ్మా! కాళ్లతో గుండ్రంగా చేస్తోంది!”

“అవునుగానీ, ముక్కు మీద చెయ్యి తీసేశావేంటి? కంపు పోయిందా?”

“పోలేదు. దాని ఇంటికొచ్చి ముక్కు మూసుకుంటే బాగోదు కదా!”