పెట్టె లేకుండా దిగిన చేప

1991 జూన్ మూడవ తేదీన దినసరి సహాయకురాలిగా మా సముద్ర పరిశోధన సంస్థలో అడుగుపెట్టి, అచ్చుల్లో రబ్బరు పోతపోసే పనిలో అసమాన నైపుణ్యం సాధించి, ప్రధాన సాంకేతిక నిపుణురాలి హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్న విదుషీమణిని మేమందరం ఆత్మీయంగా ‘అచ్చులక్క’ అని పిలుచుకుంటాం.

తొలి పాతికేళ్ళూ వారు పరికరాల్లోకి నీరు చొరబడకుండా రబ్బరు బిగింపులు తయారుచేశారు. ఎనిమిదేళ్ళ క్రితం, ఉక్కు జలయానాలకు బదులుగా అగాధ సముద్రాన్ని చవకగా చూసిరాగల మెత్తని సిలికోన్ చేపను నిర్మించే బాధ్యత మా బృందానికి దక్కింది. దేహం అక్కగారిది, సర్క్యూట్లను కాపాడే లోహపు పెట్టె ఇంజనీరు గారిది. పీడన పరీక్షలో ఆ పెట్టె ముమ్మారు ఢామ్మని నలిగిపోయింది. నాలుగోసారీ విఫలమైతే పథకాన్ని మూసివేస్తామని సంచాలకులు తేల్చి చెప్పారు.

పరీక్ష నాటి ఉదయం బల్లమీద కొత్త పెట్టె ఖాళీగా కనిపించేసరికి ఇంజనీరు గారు కొయ్యబారిపోయారు.

“అక్కా, సర్క్యూట్లేవి?”

“చేపలోనే ఉన్నాయి బాబూ. ముక్కలుగా విడదీసి, వైర్లతో కలిపి, సిలికోన్‌తో పాటే పోత పోసేశాను.”

“అయ్యో! నన్నొక్క మాట అడగొద్దా? కొంప ముంచారు కదక్కా!”

“పెట్టెలో గాలి ఉండబట్టే కదా నలిగింది? గాలే లేకపోతే నలగడానికేముంది?”

అంతకు ముందు వారం నమూనాను ఇంట్లో కూతురి టిఫిన్ డబ్బాలోనే పోత పోశారని, “అమ్మా, నా డబ్బాలో ఈ రబ్బరేంటే!” అని ఆ అమ్మాయి లబలబలాడిందని వారి భర్తగారు చెప్పగా తర్వాత తెలిసింది.

మళ్ళీ విడదీసే వ్యవధి లేక చేపను అలాగే పీడన పరీక్ష జరిపే నీటి తొట్టెలోకి దించారు. ఆరు వేల మీటర్ల లోతుకు సమానమైన పీడనం చేరేవరకూ అందరూ చెవులు మూసుకునే నిలబడ్డారు. చప్పుడు లేదు. లోపలే చచ్చిందనుకుని ఇంజనీరు గారు కెమెరా తెరవైపు చూశారు. తోక ఆడుతోంది! అంత ధీమాగా వాదించిన అక్కగారే నేలమీద చతికిలబడ్డారు.

“నిజంగానే ఆడుతోందా? ఇంకోసారి చూడండి బాబూ!”

రెండేళ్ళ క్రితం ఆ చేప నిజమైన సముద్రగర్భాన్ని తాకి, చిత్రాలతో క్షేమంగా తిరిగివచ్చింది. ఓడమీదే, అందరి ఎదుటా, పరీక్ష నాటి ఉదయం అరిచినందుకు ఇంజనీరు గారు అక్కగారిని క్షమాపణ కోరారు.

మోకాళ్ళు సహకరించి, చూపు చెదరక, భర్త, కూతురి సాన్నిధ్యంలో అచ్చులక్క గారు నిండు నూరేళ్ళూ ఆరోగ్యంగా వర్ధిల్లాలనీ, ఇంట్లోవాళ్ళను కూడా అప్పుడప్పుడూ నోరెళ్ళబెట్టేలా చేయాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాం.