వీధికి అడ్డంగా ఉన్న వైరు

తెక్కలకోటలో నెట్ ఆఫీసు తలుపు తీయకముందే కెంచమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. కాలువలో పూడిక తీస్తూ ఆమె భర్త కొట్టుకుపోయి అయిదు రోజులైంది. ఆఫీసులో వైర్లన్నీ చూసే హనుమేష్ ఆమె మొహం చూడలేక తాళం వైపు చూశాడు.

“నీళ్లు వదిలేముందు గట్టుమీద సైరన్ మోగల్ల గదప్పా. ఎందుకు మోగలేదు?”

“గేటు ఆఫీసులో మీట నొక్కినారక్కా. వాళ్లకుండేది ఎదురుగుండే నెట్ ఆఫీసోళ్ల లైను. సైరన్‌కుండేది మాది.”

“రెండూ ఈ వీధిలోవే గదా.”

“ముందు రెంటికీ నడుమ వైరుండె. ఓనర్లిద్దరూ జగళ పడి మాటలు మానేసినారు, వైరు తీసేయమన్యారు. అప్పట్నుంచి ఈడ నొక్కింది బెంగళూరు దాకా పోయి, తిరిగి ఈడికే రావల్ల. ఆ పొద్దు దావలో యాడో కేబుల్ తెగింది.”

“వైరు తీసిందెవరు?”

“నేనేక్కా.”

“మళ్లీ కలిపినారా?”

“ఆయప్పను మట్టి చేసిన సాయంత్రమే కలిపినా.”

“ఎంతసేపు పట్టింది?”

“రెండు నిమిషాలు.”

కెంచమ్మ కొంగు దులుపుకుని లేచింది.

“గేటెత్తినాక ఆయప్ప దగ్గరికి నీళ్లు వచ్చేకి పావుగంట పట్టిందంటప్పా.”