ఓరిన్ గారి రేటు

మసాచుసెట్స్ కొండల్లో ఓ చిన్న ఊరు. ఊరి ఆఫీసులో కౌంటరుకి ఇవతల ఓరిన్, అవతల క్లర్కు లూసీల్.

"...అదీ సంగతి. నిన్న హార్డ్‌వేర్ షాపులో కొన్ని పంచాను. మిగతావి శనివారం ఊరి సభలో కుర్చీకొకటి చొప్పున పెట్టించు, లూసీల్."

"మీ కరెంటు బిల్లు కాపీలేగా, ఓరిన్ గారూ?"

"పైన ఏం రాశానో చదువు."

"'ఊరంతటికీ కలిపి ఊరే కొనే కరెంటు నాకొద్దు. నేను చేరలేదు. నా రేటు చూడండి.'"

"యూనిట్‌కి పదకొండు సెంట్లు! శనివారం ఓటుతో ఆ పథకం మూతపడాల్సిందే. పడకపోతే జన్మలో సభలో నోరెత్తను. అందరి ముందూ ఒట్టేశాను."

"విన్నాను. నలభై నిమిషాలు మాట్లాడారు."

"ముప్ఫై ఎనిమిది."

"సరే. మీరు పథకంలోంచి ఎప్పుడు తప్పుకున్నారు?"

"తప్పుకోవడమేంటి? చేరితేగా! ఊరు పంపిన ఉత్తరం విప్పకుండానే పొయ్యిలో పడేశాను. మేపుల్ చెట్ల రసంతో పాకం కాస్తున్నా, మంటకి పనికొచ్చింది."

"అందులో ఓ కార్డుంది."

"ఉంటే?"

"వద్దనుకున్నవాళ్ళు దానిమీద సంతకం పెట్టి పంపాలి. పంపనివాళ్ళంతా చేరినట్టే."

"నేను సంతకం పెట్టలేదే!"

"అదే చెప్తున్నా."

"నేనూ అదే చెప్తున్నా! సంతకం పెట్టకుండా ఎలా చేరతాను?"

"బిల్లు వెనక్కి తిప్పండి. కరెంటు ఎవరిదని ఉంది?"

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా."

"మీ నెత్తిమీదుంది."

"ఆఁ, ఇదిగో. పెట్టుకున్నా."

"చదవమంటారా?"

"అక్కర్లేదు. మన ఊరి పేరు నాకు చదవడం వచ్చు. ఎన్నాళ్ళ నుంచి?"

"పద్నాలుగు నెలలు."

"తీసెయ్. ఇవాళే తీసెయ్ నన్ను."

"ఇక్కడ సంతకం పెట్టండి. పాత కంపెనీలో పదహారు సెంట్లు."

"పదహారా?"

"పదహారు."

"...పెన్ను అలా ఉంచు. లూసీల్, సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా. ఎవరికీ చెప్పకు. ఆ కాగితాలు ఇటిచ్చెయ్. హార్డ్‌వేర్ షాపులోవి కూడా నేనే ఏరుకొస్తా."

"అక్కడేం మిగల్లేదు. అప్పట్లో మీ మాట విని తప్పుకున్నారే, ఆ పంతొమ్మిది ఇళ్ళవాళ్ళూ పొద్దున్నే అవి పట్టుకుని ఇక్కడికొచ్చారు."

"తిట్టారా?"

"లేదు. ఓరిన్ గారి రేటే మాకూ ఇప్పించమని పథకంలో చేరే కాగితం మీద సంతకాలు పెట్టి వెళ్ళారు."