చక్రాల మీద ఇల్లు

ఎనభై నాలుగో సంవత్సరం, ఎండలు ముదిరిన రోజులు. పి.గన్నవరంలో అక్విడెక్టు దగ్గర దానమ్మ టీ కొట్టు. ఆమె తమ్ముడు ఆనందరావు పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. పన్నెండు గంటల బస్సెక్కి అమలాపురం వెళ్ళి దాన్ని ఏజెంటు చేతిలో పెడితే, డ్రైవరు వీసా మీద సౌదీ వెళ్ళిపోవచ్చు. వెళ్ళాలా మానాలా తేల్చుకోలేక, అక్కడ మూడేళ్ళుండి పోయినేడు తిరిగొచ్చిన అక్క మరిది ఏసుదాసుని అడిగేడు. అడగడమే ఆలస్యం, ఏసుదాసు అందుకున్నాడు.

"అదీ ఒక అడగడమేనా బావా? కళ్ళు మూసుకుని వెళ్ళిపో. నేనూ మీ సాలమోను బావా వెళ్ళినప్పుడు మాకెవరు చెప్పేరు? దిగిన నాలుగో రోజున షేకు గారు నన్ను పిలిచి, దాసూ, మా డ్రైవరుకి కడుపునొప్పి, నువ్వు కాస్త బండి తీస్తావా అన్నారు. తీస్తానండి అన్నాను. అంతే. గొప్పలు చెప్పుకోవడం నాకలవాటు లేదు, కావాలంటే అబ్బుల్ని అడుగు."

"ఆయ్, అస్సలు లేదండి," అన్నాడు కొబ్బరి దింపు తీసే అబ్బులు, టీ ఊదుకుంటూ.

"బండంటే ఏ జీపో అనుకునేవు. ఇల్లు! చక్రాల మీద ఇల్లు! మన కోటిపల్లి రేవులో బళ్ళు దాటించే పంటు ఉందా, దానికి రెండింతలు. లోపల రెండు పడగ్గదులు, వంటిల్లు, ఫ్రిజ్జు, స్నానాల గది. ఒక కుళాయి తిప్పితే వేణ్ణీళ్ళు, ఒకటి తిప్పితే చన్నీళ్ళు, మూడోది తిప్పితే మజ్జిగ. షేకు గారు నా పక్కన, మీ సాలమోను బావేమో వెనక గదిలో మెత్తటి పరుపు మీద. ఎడారికి అడ్డంగా పడి రియాద్ వెళ్ళాలి, ఆరొందల మైళ్ళు. రోడ్డా? రోడ్డెక్కడిదయ్యా, నేను తోలిందే రోడ్డు."

దానమ్మ గ్లాసులు కడగడం ఆపి వింటోంది. సాలమోను ఆమె మొగుడు. అక్కడే జ్వరమొచ్చి పోయి రెండేళ్ళయింది. మనిషీ రాలేదు, శవమూ రాలేదు.

"సగం దూరం వెళ్ళేసరికి ఎండకి నాలుగు టైర్లూ కరిగిపోయేయి. షేకు గారు ఏడుపు లంకించుకున్నారు. ఊరుకోండి, మాది కోనసీమండి అన్నాను. నాతో తీసుకెళ్ళిన కొబ్బరికాయలు మూడొందలూ బయటికి తీసి, గునపం పాతి, టకటకా ఒలిచేసి, ఆ పీచు చక్రాలకి దట్టించేసేను. బండి పరుపు మీద దొర్లినట్టు వెళ్ళిందంటే నమ్ము!"

"మూడొందల కాయలు విమానంలో ఎలా పట్టుకెళ్ళేరండీ?" అన్నాడు అబ్బులు.

"ఎలాగేంటి, ఒళ్ళో పెట్టుకుని. మధ్యలో అడ్డు తగలకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా ఇసక కొండ. అక్కడ కొండలు నడుస్తాయి, మనుషుల్లాగే. నేను బండిని నెమ్మదిగా దాని నెత్తికెక్కించి ఇంజను కట్టేసేను. కొండే మమ్మల్ని మోసుకుని నలభై మైళ్ళు నడిచింది. ఆయిలు కలిసొచ్చిందని షేకు గారు నన్ను కావిలించుకున్నారు."

"కొండకి టిక్కెట్టు కొట్టేరాండీ?"

"నవ్వు, నవ్వు. అంతలో గాలి లేచింది. మన డెబ్బై ఏడు తుఫాను దాని ముందు ఎందుకూ పనికిరాదు. ఇంటిని ఇల్లంతా ఎత్తేసింది. కింద చూస్తే ఒంటెలు చీమల్లా ఉన్నాయి. నేను ఆకాశంలోనే గేరు మార్చి, గాలికి అడ్డంగా తిప్పి, ఇసక మీద పువ్వులాగ దింపేను. అంత జరిగినా మీ బావ కదల్లేదు, మెదల్లేదు. మంచం పక్కన టీ గ్లాసులో చుక్క తొణకలేదు. అంత మంచి నిద్ర!"

దానమ్మ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"అలా పొద్దుగూకేసరికి కనపడ్డాయి బావా, రియాద్ దీపాలు! కోటి దీపాలు! మీ బావ అప్పుడు లేచి కూర్చుని, కిటికీలోంచి చూసి, తమ్ముడూ, క్రిస్మస్‌కి మన గుడి మీద దీపాలు కట్టినట్టుందిరా అన్నాడు. మాకోసం ఊరంతా ఎదురొచ్చింది. వెయ్యి కార్లు, బేండుమేళం. షేకు గారు ఊరి తాళాలు నా చేతిలో పెట్టేరు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నాకు తెలుసు," అంది దానమ్మ.

ఏసుదాసు నవ్వబోయేడు. "నీకెలా తెలుస్తుందొదినా?"

"మీ అన్న ఆఖరుగా మాట్లాడి పంపిన కేసెట్టు నా పెట్టెలో ఉంది. మేస్టారింట్లో టేపురికార్డరు అడిగి ఒక్కసారే విన్నాను. రెండో పక్క చివర నువ్వు మాట్లాడేవు, మర్చిపోయేవా? వదినా, మాకు స్టీరింగు చూపించనైనా లేదు, గొర్రెలు కాయమన్నారు. రేకు గదికి చక్రాలేసి ఎడారిలో పడేసేరు, అందులోనే మా కాపురం. మా అమ్మకి చెప్పకు, నీకు దణ్ణం పెడతాను, ఇటెవర్నీ పంపకు. ఇవీ నీ మాటలు. ఏడుస్తూ చెప్పేవు."

అబ్బులు టీ తాగడం మానేసేడు.

"అన్నీ తెలిసి ఏడాది నుంచీ ఎందుకూరుకున్నావొదినా?"

"నువ్వు చెప్తుంటే ఆయన మెత్తటి పరుపు మీద పడుకునేవాడు. అది వినాలనిపించేది. పాపిష్టిదాన్ని, ఊరుకున్నాను. ఇవాళ నా తమ్ముణ్ణి కూడా ఆ బండి ఎక్కిస్తున్నావు."

బస్సు వచ్చి ఆగింది. కండక్టరు అమలాపురం, అమలాపురం అని అరిచేడు. ఆనందరావు ఏసుదాసు మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు, లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది.

"ఒక్కటి చెప్పు దాసూ," అంది దానమ్మ. "దీపాలు చూసి ఆయన లేచి కూర్చున్నాడన్నావు. క్రిస్మస్‌కి మన గుడిలా ఉందన్నాడన్నావు."

ఏసుదాసు తల ఎత్తలేదు. "ఒళ్ళు కాలిపోతుంటే వాళ్ళ కాళ్ళు పట్టుకుని, ఆ రేకు గదినే జీపుకి కట్టించేనొదినా, ఆస్పత్రికి తీసుకెళ్దామని. దారంతా తల నా ఒళ్ళోనే ఉంది. దీపాలు కనపడేసరికి... అప్పటికే పోయి గంటయింది."

దానమ్మ పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచినవే మళ్ళీ తుడుచుకుంది.

"మిగతావన్నీ కోతలని తెలుసు. ఆ ఒక్క మాటా నిజమనుకున్నాను," అంది.