ఇప్పచెట్ల కింద ఊడ్పు

ఛత్తీస్‌గఢ్ పోరులో ఊరు తగలబడి, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆమె పద్నాలుగు కుటుంబాలను వెంటబెట్టుకుని భద్రాచలం అడవిలో గుడిసెలు వేయించి ఏడాదైంది. ఇప్పపువ్వు రాలే రోజులొచ్చాయి. పక్కూరి పెద్దామె అగ్గిపెట్టె పట్టుకుని వచ్చేసరికి ఈమె చీపురుతో ఎదురైంది.

"మా ఇప్పచెట్ల కింద నీకేం పనే?"

"ఎండాకులు ఊడ్చినం, పెద్దమ్మా. మా ఆడోళ్లందరం."

"కింద సాపు జేసినోళ్లదే పువ్వని తెల్వదా? చెట్లు గుంజుకునేటందుకే గదా!"

"పువ్వు మీదే, ఒక్కటి ముట్టం. మిరపకాయలు ఏర కూలికి బోయి బతుకుతున్నం."

"పువ్వు ఏరుకునేటందుకు ఏటేటా ఈ ఆకులు మేం కాలబెట్టుకుంటం. నిన్నెవరు ఊడ్వమన్నరు?"

"గాలి మా గుడిసెల దిక్కు కొడుతుంది. అన్నీ గడ్డి కప్పులే."

"అయితే గుడిసెలు పీక్కపోండ్రి. అడవేమన్న మీ అయ్య జాగీరా?"

"మీ అయ్యది గూడా కాదు. మా ఇండ్లు ఒకపాలి కాలినయి, అది చాలు."

"రేపు మళ్ల రాలుతయే ఆకులు."

"రేపు మళ్ల ఊడుస్తం."

"వచ్చే ఏడు గూడా ఈడనే ఉంటరా ఏంది?"

"ఆకు రాలినన్నేండ్లు ఉంటం."

"చూస్తనే, ఎన్నేండ్లు ఊడుస్తవో!"

"కూసోని చూడు, పెద్దమ్మా. నువ్వు కూసునే జాగా గూడా ఊడ్చినం."