హేమావతి గారు ఆపిన చక్రాలు

1991 జూలై ఒకటవ తేదీన, బుక్కరాయసముద్రం శివార్లలో కొత్తగా నెలకొన్న కంబగిరి రబ్బరు కర్మాగారంలో, నాణ్యతా పరిశీలన విభాగపు సహాయకురాలిగా శ్రీమతి హేమావతి గారు బాధ్యతలు స్వీకరించారు. ఉరవకొండ ప్రాంతపు మెట్ట రైతు కుటుంబంలో జన్మించి, వేరుశనగ పైరు ఏటా కళ్లముందే ఎండిపోతున్న కాలంలో పాలిటెక్నిక్ విద్య పూర్తిచేసిన వారికి, ఈ ఉద్యోగం ఇంటిల్లిపాదికీ ఆధారమైంది. టైర్ల అచ్చుల విభాగంలో పనిచేసే ఆంజినప్ప గారితో వారి వివాహం సహోద్యోగుల సమక్షంలోనే జరిగింది.

ట్రాక్టరు టైర్లతో మొదలైన మన సంస్థకు, కాలక్రమంలో ఒక ఎగుమతి సంస్థ ద్వారా జపాను దేశపు సప్పోరో నగర భూగర్భ రైళ్లకు టైర్లు చేసే అవకాశం లభించింది. అక్కడి తొమ్మిదివేల శ్రేణి రైలు ఉక్కు చక్రాల మీద కాక రబ్బరు టైర్ల మీద, నడుమనున్న పట్టా దారి చూపగా నడుస్తుంది. అప్పటికి విభాగాధిపతిగా ఉన్న హేమావతి గారు 2017 శీతాకాలంలో దానిని పరిశీలించి వచ్చారు. తిరిగివచ్చాక క్యాంటీనులో వంట చేసే మారెక్క గారికి చెప్పిన మాటలు చాలామందికి జ్ఞాపకం.

"రైలు పోతాండాదని కూడా తెలీలేదు మారెక్కా. ఎదురుగా ఒగామె ఒళ్లో బిడ్డ నిద్రపోతాండాది. రేపు ఆ బిడ్డ కింద ఉండేది మన టైరే గదా అనుకుంటా కూచున్న్యా."

"ఆడ వానలు పడతాయా?"

"మంచు పడతాది. ఇంటి గోడంత."

మారెక్క గారు గిన్నెలు కడుగుతున్న కుళాయిని కట్టేశారు. "అదంతా కరిగితే ఎన్ని నీళ్లో" అని మాత్రం అన్నారు.

మరుసటి సంవత్సరం తొలి విడత టైర్లు సిద్ధమయ్యాయి. భార పరీక్షలో ఒక టైరు పక్కగోడ ఉబ్బి పగిలింది. హేమావతి గారు మరికొన్నింటిని కోయించి చూశారు. లోపలి పొరలు విడివడుతున్నాయి. ఆ విడత మొత్తాన్ని నిలిపివేయాలని వారు నిర్ణయించారు. నాటి మేనేజరు విజయభాస్కర్ గారు వారిని పిలిపించారు.

"ఈ ఆర్డరు పోతే ఒక షిఫ్టు మూతపడుతుందమ్మా. మీ ఇంటాయన ఉండేదీ అందులోనే."

"తెలుసు సార్. నాకు తెలుసు. ఆ రైలెక్కేటోళ్లకు తెలీదు."

ఆ సాయంత్రం ఇంట్లో ఆంజినప్ప గారు అడిగారు. "ఒక్క సంతకం పెట్టింటే నీకేం పోయిండేది?"

"మనుషులు ఎక్కే బండి అది."

"మనం మనుషులం కాదా?"



ఆర్డరు పోయింది, షిఫ్టు మూతపడింది. ఎన్నో కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బాట పట్టాయి. ఆంజినప్ప గారు అక్కడ ఒక అపార్టుమెంటుకు కాపలాదారుగా చేరారు. పండుగలకు ఇంటికి వచ్చినా, భార్యతో మాట్లాడింది తక్కువ. 2021లో ఆయన అక్కడే జ్వరంతో ఆస్పత్రి పాలై, హేమావతి గారు బస్సులో దారిలో ఉండగానే కన్నుమూశారు. ఆ టైర్లు వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఎవరమూ చెప్పలేము. ఏమీ కాకపోయి ఉండవచ్చు కూడా. ఆ మాట వీధిలో హేమావతి గారి ముఖం మీదనే అన్నవారున్నారు. క్యాంటీనులో వారు కూర్చున్న బల్ల దగ్గర కూర్చోవడానికి చాలాకాలం మారెక్క గారు తప్ప ఎవరూ రాలేదు. అయినా హేమావతి గారు ఒక్కనాడూ పని మానలేదు, ఒక్క టైరునూ చూడకుండా వదలలేదు.

సన్మానం సందర్భంగా మన కర్మాగార పత్రిక ఈ సంచికలో తమ గురించి ఏమి రాయమంటారని అడిగినప్పుడు, వారు పొగడ్తలు వద్దన్నారు.

"ఆంజినప్ప పేరు రాయండప్పా. ఆయప్ప కూడా ఈడనే పని చేసినాడు. ఆయప్పకు ఎవురూ శాలువా కప్పలేదు."

కనుక అచ్చుల విభాగపు కీర్తిశేషులు శ్రీ ఆంజినప్ప గారి సేవలను ఈ పుటలో గౌరవపూర్వకంగా స్మరిస్తున్నాము. శ్రీమతి హేమావతి గారికి దృఢమైన ఆరోగ్యం, నిశ్చింతమైన నిద్ర, ఎదురుపడితే ఆగి పలకరించే ఇరుగుపొరుగు, వీటన్నింటినీ తృప్తిగా అనుభవించేటంత దీర్ఘాయువు లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.